సాక్ష్యం విన్న మనిషి

ఒక సందేహం నన్ను ఏళ్ళ తరబడి వదలడం లేదు. అడిగింది దొరికినప్పుడు, అది దేవుడు ఇచ్చిందో, మనమే చెయ్యి చాపి తీసుకున్నదో ఎలా తెలుసుకోవడం? పెళ్ళయిన కొత్తలో మా పాస్టరుగారిని అడిగాను. "విశ్వాసం ఉంటే ఇలాంటి ప్రశ్నలు రావమ్మా" అన్నారాయన. నాకు విశ్వాసం ఉంది. ప్రశ్న కూడా ఉంది. ఇరవై ఆరేళ్ళుగా రెండూ ఒక్క ఇంట్లోనే కాపురం చేస్తున్నాయి.

ఆ సోమవారం సాయంత్రం మాత్రం ఆ ప్రశ్నతో కూర్చునే తీరిక లేదు. ఆరింటికి కిరణ్ పాల్ మా ఇంటికి వస్తానని ఫోన్ చేశాడు.

"ఏమన్నాడు? ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నారు మా ఆయన. అడగడం అది నాలుగోసారి.

"ఆరింటికి వస్తాను, జాషువాని ఇంట్లో ఉండమనండి ఆంటీ, అన్నాడు. అంతే."

"గొంతు ఎలా ఉంది?"

"మామూలుగానే ఉంది."

"కోపంగా ఉందా, లేదా? సరిగ్గా చెప్పు."

"కోపం వచ్చినా మామూలుగా మాట్లాడే మనిషండి అతను. ఆ మాట మీరే అంటారుగా."

ఆయన జేబులోంచి పెన్ను తీశారు. మూత ఊడదీశారు, మళ్ళీ పెట్టారు. మా ఆయన సాల్మన్‌గారంటే మా చర్చి సంఘంలో నిదానమైన మనిషని పేరు. కమిటీకి ఆయనే కార్యదర్శి. హైటెక్ సిటీలో ఒక కంపెనీకి క్యాబ్ నడుపుతారు, పద్దెనిమిదేళ్ళ డ్రైవింగులో బండికి గీత పడనివ్వలేదు. అలాంటి మనిషి ఆ పెన్ను మూతతో పడుతున్న అవస్థ చూస్తే నాకే జాలేసింది. కోపం కూడా వేసింది.

కరెంటు లేదు. తెలంగాణ కోసం సమ్మె మొదలై నెల కావస్తోంది. గనుల్లో బొగ్గు తవ్వడం లేదు, డిపోల్లోంచి బస్సులు కదలడం లేదు, పిల్లలకి బడుల్లేవు. కొత్తగూడ జంక్షన్ వెనక మాది రెండు గదుల పోర్షను. ఫ్యాను ఆగితే మనిషి పక్కన మనిషి కూర్చోలేడు. లోపలి గదిలో మా వాడు జాషువా తలుపు గడియ పెట్టుకుని ఉన్నాడు. నిన్న మధ్యాహ్నం నుంచి వాడు నాతో మాట్లాడలేదు.

మాట్లాడకపోవడానికి కారణం నేనే.

నిన్న ఆరాధనలో పాటలు అయ్యాక, సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండి అన్నారు పాస్టరుగారు. నేను లేచాను. మా వాడు ఇంజనీరింగు ముగించి బయటికి వచ్చింది 2009లో. అప్పుడు ప్రపంచమంతా మాంద్యం అన్నారు. బాచుపల్లిలో వాడి కాలేజీకి ఆ ఏడు ఒక్క కంపెనీ రాలేదు. అప్పటి నుంచి ఖాళీ. ఇప్పుడు ఒక్కసారిగా నైరోబీలో, ఒక బ్యాంకు పని మీద, ఏడాదిపాటు ఉద్యోగం. ఇరవై నాలుగో తారీకుకి ప్రయాణం. తల్లి నోరు ఊరుకుంటుందా?

"రెండేళ్ళ నుంచి ఏ కంపెనీలోనూ ఒక్క రోజు పని చెయ్యని నా బిడ్డని, ఏ అనుభవమూ లేనివాణ్ణి, ప్రభువు ఆఫ్రికా దాకా పంపిస్తున్నాడు" అన్నాను. చేతులెత్తి అన్నాను.

మా దగ్గర సాక్ష్యం చెబుతుంటే వెనక సన్నగా కీబోర్డు వాయిస్తారు. వాయించేది కిరణ్ పాల్. జాషువాని తన కంపెనీకి సిఫారసు చేసిందీ అతనే. నా మాట పూర్తయ్యేసరికి కీబోర్డు ఆగిపోయింది. నా సాక్ష్యానికి మనసు కరిగి ఆపేశాడనుకున్నాను. అంత తెలివి నాది.

ఇంటికొచ్చాక మా ఆయన చెప్పారు. జాషువా కంపెనీకి ఇచ్చిన కాగితాల్లో రెండేళ్ళ అనుభవం ఉందట. అమీర్‌పేటలో ఒక మేడ మీద గదిలో ఎవరో తయారు చేసి ఇచ్చిన అనుభవం. కంపెనీ లేదు, మేనేజరు లేడు, మేనేజరు సంతకం మాత్రం ఉంది. తండ్రీ కొడుకులిద్దరికీ తెలుసు.

"నాకెందుకు చెప్పలేదు?" అని నిన్న అడిగాను. ఇప్పుడు మళ్ళీ అడిగాను.

"చెబితే సాక్ష్యంలో చెప్పేస్తావనే చెప్పలేదు" అన్నారాయన.

నవ్వు రావలసిన మాట. ఇద్దరికీ రాలేదు.

"చూడు మార్తా" అని కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "అతనితో నేను మాట్లాడతాను. నువ్వు ఒక్క మాట అంటే చాలు. నాకు ఈ కంపెనీల సంగతులు తెలియవు బాబూ, వాడు అమీర్‌పేటలో పని చేసిన సంగతి సంతోషంలో మరిచిపోయాను, అను."

"పని చెయ్యలేదుగా."

"తెలుసు."

"రెండేళ్ళూ నా కళ్ళ ముందే ఉన్నాడుగా. పొద్దున పేపరు, మధ్యాహ్నం కోచింగు, సాయంత్రం ఆ మూల కూర్చుని గోళ్ళు కొరుక్కోవడం."

"తెలుసంటున్నానుగా!"

"తెలిసి నన్ను అబద్ధం చెప్పమంటున్నారా?"

"అబద్ధం ఎవరు చెప్పమన్నారు? మరిచిపోయానని చెప్పమన్నాను. మనుషులు మరిచిపోరా?"

 ఆయన గొంతు తగ్గించారు.

"నువ్వు వంట చేసే హాస్టల్లో అమ్మాయిల్ని అడుగు. సగం మంది ఈ దారినే ఉద్యోగాల్లో చేరారు. ఆనక నేర్చుకున్నారు, బతుకుతున్నారు. వాళ్ళని దేవుడేమైనా తోసేశాడా?"

 నిజంగానే తోసెయ్యలేదు. ఆ పిల్లల్లో మంచివాళ్ళున్నారు. నాకు జ్వరమొస్తే ఉల్లిపాయలు తరిగి పెట్టినవాళ్ళున్నారు. వాళ్ళు రాసుకున్న అబద్ధం ఎవరికి నష్టం చేసింది? ఎవరికో చేసే ఉంటుంది. ఆ ఎవరో మన కంటికి కనబడరు, అంతే అనుకున్నాను.

"అసలు వాణ్ణి అంత దూరం తోలెయ్యాలని ఎందుకండి మీకంత తొందర?" అన్నాను.

"ఎందుకా? మొన్న గచ్చిబౌలి దగ్గర సమ్మెవాళ్ళు బండి ఆపారు. యాడికెల్లి వచ్చినవ్ అన్నారు. కంపెనీ నుంచి అన్నాను. గట్ల కాదు, మీదేవూరు అన్నారు. ఏం చెప్పను? రేపల్లె అని చెప్పనా, కొత్తగూడ అని చెప్పనా? వాడు పుట్టింది ఇక్కడ దవాఖానాలోనే. రేపు రాష్ట్రం రెండైతే వాణ్ణి ఏ పక్క నిలబెడతారు? ఏ పక్కా కాని చోట ఉంటే మంచిది కదా."

"కొట్టారా?"

"కొట్టలేదు. మంచినీళ్ళు అడిగి తాగి పంపించేశారు. పిల్లలే, మన వాడి ఈడు పిల్లలు. కానీ అడిగారుగా."

లోపలి గడియ చప్పుడైంది. జాషువా గుమ్మంలో నిలబడ్డాడు. రెండు రోజుల గడ్డం, నలిగిన చొక్కా.

"ఇద్దరూ కాస్త ఆపుతారా?" అన్నాడు. "నన్ను ఏ పక్క నిలబెట్టాలో మీరిద్దరే తేల్చుకుంటున్నారు."

"నీ గురించేరా..."

"నా గురించే డాడీ. ఫారంలో 'విదేశంలో పని చేయడానికి సిద్ధమేనా' అన్నచోట టిక్కు పెట్టిందెవరు? మీరు. నా చేతికి పెన్ను కూడా ఇవ్వలేదు."

"నీ చెయ్యి వణుకుతోందిరా, అందుకని..."

"ఎందుకు వణుకుతోందో అడిగారా?"

ఆయన పెన్ను మూత ఆగిపోయింది.

"అక్కడికి వెళ్ళేది ముగ్గురం. ముగ్గురికీ మూడు ఊళ్ళు. పక్కన అడగడానికి మనిషి ఉండడు. నాకేమీ రాదని మొదటి రోజు మధ్యాహ్నానికి తెలిసిపోతుంది. ఇక్కడైతే సిగ్గుపడి ఇంటికొస్తాను. అక్కడ ఎక్కడికి పోను?"

"నేర్చుకుంటావు."

"నాలుగేళ్ళలో రానిది పద్నాలుగు రోజుల్లో వస్తుందా?"

"నాలుగేళ్ళు మరి ఏం చేశావురా?" అన్నారాయన. "నేను రాత్రి డ్యూటీలు చేసింది దేనికి?"

"రికార్డులు రాశాను డాడీ. సీనియర్ల రికార్డు చూసి మేం రాశాం. మాది చూసి జూనియర్లు రాశారు. ల్యాబులో అరవై మందికి పద్దెనిమిది కంప్యూటర్లు. అందులో పని చేసేవి పదకొండు. ముందు వరసవాళ్ళు కొడుతుంటే వెనకవాళ్ళం చూశాం. నేను వెనక వరస."

ఇంత మాట వాడు మాకు ఎప్పుడూ చెప్పలేదు. ఫీజు రసీదులు, మార్కుల కాగితాలు, కాలేజీ బస్సు పాసు అన్నీ చూశాం. వాడు ఏ వరసలో కూర్చున్నాడో మేమూ ఎప్పుడూ అడగలేదు.

"అయితే వెళ్ళనంటావా?" అన్నారాయన.

"వెళ్ళనని అనలేదు. వెళ్ళకపోతే ఇంకేముంది నాకు? మళ్ళీ ఆ మూలేగా."

వాడు లోపలికి పోయి మంచం మీద కూర్చున్నాడు. ఈసారి తలుపు వెయ్యలేదు.

నేను బిందె తీసుకుని వాకిట్లోకి వచ్చాను. నీళ్ళ కోసం కాదు. ఊపిరి కోసం. పక్క పోర్షను మల్లమ్మ గోళెం దగ్గర గిన్నెలు తోముతోంది. వాళ్ళది సిద్దిపేట దగ్గర పల్లె. భర్త రాజయ్య ఒక అపార్టుమెంటుకి వాచ్‌మన్. తను ఒక పెద్ద కంపెనీలో నేలలు తుడుస్తుంది. బస్సుల్లేక నెల రోజులుగా నడిచి పోయి వస్తోంది.

"ఓ మార్తక్కా! నీ కొడుక్కు నౌకరొచ్చిందట గద. చర్చిల అందరికి చెప్తివట, పక్కింట్ల ఉన్నదానికి చెప్పకపోతివి. మిఠాయేది?"

"ఇంకా ఏదీ ఖాయం కాలేదు మల్లమ్మా."

"ఖాయం కాకుంటనే దేవునికి చెప్పినవా? దేవుడు పరేషాన్ కాడా?" అని నవ్వింది. మంచి మనసుతోనే నవ్వింది. నేను బిందె అంచు పట్టుకుని నిలబడ్డాను.

"మా రాకేష్‌గాడు గూడ గదే కంపెనీకి పోయిండు, మీ జాషువాతోని. రాత పరీక్షల అందరికన్న ఎక్కువొచ్చినయన్నరట. ఇంటర్వ్యూ గూడ అయినంక మల్ల పిలువనే లేదు."

"ఎందుకట?"

"ఏమో. బయటి దేశం పోతవా అని కాయితంల అడిగితే పోనని రాసిండట. నాకు శాన కోపమొచ్చింది. ఏందిరా గిట్ల రాస్తరా అన్న. తెలంగాణ వచ్చేదాక యాడికీ పోనమ్మా అంటడు. తెలంగాణ వస్తది, మంచిదే, నేను గూడ జెండ పట్టుకొని నడుస్తున్న. వచ్చినంక నౌకరి మా ఇంటికొచ్చి తలుపు కొడ్తదా? ఏమంటవ్ అక్కా?"

ఏమంటాను? మా వాడి ఫారంలో వెళ్తానని ఉంది, పని రాదు. వాళ్ళ వాడికి పని వచ్చు, వెళ్ళనని రాశాడు. ఇద్దరూ ఒకే కాలేజీ, ఒకే తరగతి. నాలుగేళ్ళు ఒకే బస్సులో పోయి వచ్చారు.

"పిల్లలు మల్లమ్మా" అన్నాను. చేతకాని మాట అది.

కిరణ్ పాల్ సరిగ్గా ఆరింటికి వచ్చాడు. ముప్పై మూడేళ్ళుంటాయి. మెడలో కంపెనీ ట్యాగు ఇంకా తియ్యలేదు. చెప్పులు విడిచి, "వందనాలండి" అన్నాడు. మేమూ అన్నాం. మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. జాషువా గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"బ్రదర్, మీరు నిన్న విన్నది..." అని మొదలుపెట్టారు మా ఆయన. "మా ఆవిడ పదో తరగతి దాకా చదివింది. కంపెనీల వ్యవహారాలు తనకి..."

"ఆంటీ చెప్పాలి అంకుల్" అన్నాడు కిరణ్ పాల్.

అందరూ నా వైపు చూశారు. మా ఆయన చూపులో బతిమాలడం ఉంది. ఇన్నేళ్ళలో ఆయన నన్ను బతిమాలిన సందర్భాలు ఒక చేతి వేళ్ళకి సరిపోవు. నా మాట ఒక్కటి అటూ ఇటూ అయితే నా కొడుకు ఇరవై నాలుగున విమానం ఎక్కుతాడు. లేకపోతే ఆ మూల.

"బాబూ" అన్నాను.  "నేను దేవుని ముందు నిలబడి చెప్పాను. ఇప్పుడు కుర్చీలో కూర్చుని దాన్ని మార్చలేను."

మా ఆయన కళ్ళు మూసుకున్నారు.

"అయితే రెండేళ్ళ అనుభవం..." అన్నాడు కిరణ్ పాల్.

"లేదు."

 బయట మల్లమ్మ గిన్నెల చప్పుడు ఆగింది.

"మీకు తెలుసా అంకుల్" అన్నాడు కిరణ్ పాల్. గొంతు మామూలుగానే ఉంది.  "ఈ ముగ్గురి కోసం ఎనిమిది నెలలు వెతికాను. రెండు వందల డెబ్భై మందిని చూశాను. వెళ్తాం అనేవాళ్ళకి పని రాదు. పని వచ్చినవాళ్ళు అమ్మ ఒప్పుకోదంటారు, తిండి పడదంటారు, అమెరికా అయితేనే వెళ్తామంటారు. నైరోబీ అనగానే మొహాలు చిన్నబోతాయి. చివరికి మన సంఘం పిల్లవాడు దొరికాడు, అబద్ధం ఆడడు అని మా మేనేజరుకి చెప్పాను. ఆ మాట నేను చెప్పాను."

"తప్పయిపోయింది బాబూ" అన్నారు మా ఆయన. "కాగితం నేను చేయించాను. వాడు వద్దన్నాడు."

"వద్దనలేదు డాడీ. ఊరుకున్నాను" అన్నాడు జాషువా.

"కంపెనీలో చెప్పేస్తావా బాబూ?" నేను అడిగాను.

"చెప్పకపోతే ఆ అబద్ధంలో నేనూ ఉన్నట్టే ఆంటీ. చెబితే సిఫారసు చేసినవాడిగా నా మీదికే వస్తుంది. నిన్నటి నుంచి నేనూ అన్నం తినలేదు." గ్లాసు కింద పెట్టాడు. "అందుకే ఒక్కటి తేల్చుకుందామని వచ్చాను. కాగితం సంగతి పక్కన పెడదాం. నిజంగా పని వస్తే, అనుభవం లేని కొత్తవాడిగానైనా తీసుకోమని నేను బతిమాలి చూస్తాను. జాషువా, ఇలా కూర్చో."

వాడు కూర్చోలేదు.

"ఇంటర్వ్యూలో నువ్వు నీ కాలేజీ ప్రాజెక్టు చెప్పావు. నేను నిన్ను తీసుకుంది ఆ అనుభవం కాగితం చూసి కాదు, ఆ ప్రాజెక్టు చూసి. పల్లెల్లో పాలకేంద్రం. రైతు పాలు పోస్తుంటే మధ్యలో కరెంటు పోతుంది. మళ్ళీ వచ్చాక లెక్కలో ఒక్క లీటరు పోకూడదు, ఒక్క లీటరు రెండుసార్లు ఎక్కకూడదు. నైరోబీ బ్రాంచీల్లో మా గొడవ కూడా అచ్చంగా అదే. అక్కడా కరెంటు పోతుంటుంది. ఇప్పుడు చెప్పు. కరెంటు వచ్చాక ఏ లెక్క ఉంచాలో, ఏది కొట్టెయ్యాలో నీ ప్రోగ్రాముకి ఎలా తెలుస్తుంది?"

జాషువా గడగడా ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. వాడి ఇంగ్లీషు బావుంటుంది. చిన్నప్పుడు కాన్వెంటులో చదివించాం. నాలుగైదు వాక్యాలు ఎక్కడా తడుముకోకుండా వచ్చాయి. మా ఆయన తలెత్తి చూశారు. నాకూ ప్రాణం లేచి వచ్చింది.

"ఇది ఇంటర్వ్యూలో చెప్పినదే" అన్నాడు కిరణ్ పాల్. "మాట కూడా మారలేదు. నేనడిగింది దాని తర్వాతి సంగతి."

జాషువా మళ్ళీ ఆ మొదటి వాక్యమే అందుకుని సగంలో ఆపేశాడు.

అప్పుడే ఫ్యాను కదిలింది. బల్బు వెలిగింది. వాకిట్లోంచి బొంగురు గొంతు వినబడింది. "ఆంటీ, కరెంటొచ్చింది. మోటర్ ఏస్తున్న, బిందెలు పెట్టుకోండ్రి!"

రాకేష్. పొద్దున్నుంచీ ఎక్కడో ఊరేగింపులో అరిచి వచ్చినట్టున్నాడు. భుజం మీద గులాబీ కండువా ఉంది. గుమ్మం దాకా వచ్చి లోపల మనిషిని చూసి ఆగిపోయాడు.

కిరణ్ పాల్ అతన్ని కాసేపు చూసి గుర్తుపట్టాడు.

"నువ్వు రాత పరీక్షలో మొదట వచ్చిన అబ్బాయివి కదూ? విదేశానికి వెళ్ళనని రాశావు."

"ఔ సార్."

"అది సరే, ఒప్పించేవాణ్ణి. కానీ నువ్వూ పాలకేంద్రం ప్రాజెక్టే చెప్పావు. ఇతను చక్కగా చెప్పాడు. నువ్వు మాట మాటకీ ఆగిపోయావు. ఇతని ప్రాజెక్టు కాపీ కొట్టావని రాసి నిన్ను పక్కన పెట్టాను. అలా చెయ్యకూడదు తమ్ముడూ, అంత తెలివి ఉండీ."

రాకేష్ మొహం ఎర్రబడింది. జాషువా వైపు చూశాడు. జాషువా నేల చూశాడు. ఇప్పుడు అరుస్తాడనుకున్నాను. మా వాడి చొక్కా పట్టుకుంటాడనుకున్నాను. రోజంతా వీధుల్లో అరిచే పిల్లవాడు, ఇంత మాట పడితే ఊరుకుంటాడా?

"గట్లనే అనుకోండ్రి సార్" అన్నాడు రాకేష్. "ఆంటీ, బిందె పెట్టుకోండ్రి. నీళ్ళు వస్తయ్" అని వెనక్కి తిరిగాడు.

"కాపీ కొట్టింది వాడు కాదు."

జాషువా గొంతు అది. నాకు మొదట తెలియలేదు.

"జాషువా!" అన్నారు మా ఆయన.

"చెప్పనివ్వండి డాడీ. సార్, ఆ ప్రాజెక్టు రాకేష్‌ది. మొత్తం వాడిదే. వాళ్ళ మేనమామకి ఊళ్ళో పాలకేంద్రం ఉంది, సెలవుల్లో వాడు అక్కడ కూర్చునేవాడు. నలుగురం ఒక జట్టు. వాడు ప్రోగ్రాము రాశాడు, మిగతా ఇద్దరు ఫైలుకి అట్టలు వేయించారు, నేను ఇంగ్లీషులో చెప్పాను. నాకు వచ్చింది అంతే. ఆ నాలుగైదు వాక్యాలే."

పెన్ను మా ఆయన చేతిలోంచి జారి మంచం కిందికి దొర్లింది. ఆయన వంగలేదు.

కిరణ్ పాల్ లేచి నిలబడ్డాడు. జాషువా వైపు చూడలేదు. "రాకేష్, కరెంటు వచ్చాక ఏ లెక్క ఉంచాలి?"

రాకేష్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "తెలుగుల చెప్పొచ్చా సార్?"

"చెప్పు."

"పాలు పోసిన మనిషి చేతిలకు చీటీ పోతేనే లెక్క పక్కా సార్. చీటీ రాకముందే కరెంటు పోతే ఆ లెక్క కచ్చా. మిషిన్ మల్ల మొదలైనప్పుడు ముందుగాల కచ్చాలన్ని చూపిస్తది. గా మనిషిని పిలిచి, నీకు చీటీ వచ్చిందా లేదా అని అడిగినంకనే కొత్త పాలు తీసుకుంటది. మిషిన్ ఒక్కటే సొంతంగ ఫైసలా చెయ్యొద్దు సార్. రైతుని అడగాలె."

కిరణ్ పాల్ గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు.

"ఇది ఇంటర్వ్యూలో ఎందుకు చెప్పలేదు?"

"ఇంగ్లీషుల చెప్పమన్నరు సార్."

"నాదని ఎందుకు చెప్పలేదు?"

రాకేష్ జాషువా వైపు చూశాడు. కిరణ్ పాల్ నుదురు రుద్దుకున్నాడు. "మీ ఇద్దరి విషయంలో రేపు ఏం చెయ్యాలో నాకు తెలియదు. జాషువా, నీ సంగతి నేను దాచలేను. అది మాత్రం తెలుసు." తర్వాత గుమ్మం వైపు తిరిగాడు. "రాకేష్, ఫారంలో రాసింది రాశావు. ఇప్పుడు నేను మనిషిగా అడుగుతున్నాను. నైరోబీ వెళ్తావా?"

గోడ అవతల మల్లమ్మ ఊపిరి బిగబట్టినట్టు నాకు అనిపించింది. వాకిట్లో గోళెం నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. ఎవరూ మోటారు కట్టెయ్యలేదు.

రాకేష్ అతని ప్రశ్న విననట్టే జాషువా వైపు చూస్తున్నాడు. చిత్రంగా, ఆ చూపులో కోపం లేదు.

"వైవా నాడు ఏమన్నవ్ రా? ఇయ్యాల నేను చెప్త, అయినంక సార్లకు నీదే అని చెప్తనంటివి. యాదుందా?"

"ఉంది."

"బస్సు కాడ గూడ అంటివి. రేపు చెప్తనని."

"అన్నాను."

"రెండున్నరేండ్లు నీ మొఖమే చూసుకుంట ఉన్న, ఎప్పుడు చెప్తవా అని. నోరు తెరిచి అడిగితే దోస్తు కానట్టైతదని అడగలే."

"తెలుసురా" అన్నాడు జాషువా. వాడి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "నువ్వు అడక్కపోతే ఇంకా నయమనుకున్నాను."

రాకేష్ కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"సరే తియ్. చెప్పినవ్ గద" అన్నాడు. "అయిపోయింది, ఇగ ఒడిసింది."